చూడని పిట్ట

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట అనుకుంటాను, మా తాతయ్య నన్ను మహేంద్రగిరికి ఒక పిట్టను చూడడానికి తీసుకువెళ్లాడు. మొక్కు కాదు, తీర్థం కాదు, పిట్ట కోసం కొండెక్కుతారా అని ఊళ్లోవాళ్లు నవ్వారు.

మాది ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఇల్లు. నాకు మూడేళ్లప్పుడే అమ్మ జ్వరంతో పోయింది. అమ్మను కన్న తాతయ్యే నన్నూ పెంచాడు. వాకిట్లో ఇసుక మీద నా వేలు పట్టి అక్షరాలు దిద్దించాడు. ఇంట్లో మేమిద్దరమే. అమ్మ మొహం నాకు గుర్తు లేదు. ఉన్నదల్లా తాతయ్య చెప్పిన సంగతి ఒక్కటి. నా ఈడులో అమ్మ ఆయన వెంట ఆ కొండకు వెళ్లి, ముక్కు మీద ఇంకో ముక్కు మోసే పెద్ద పిట్టను ఆయనకంటే ముందే చూసి చూపించిందట. ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే చెప్పేవాడు.

ఆ ఏడు ఆయన కళ్లకు పొర కమ్మింది. ఎదుట నిలబడ్డ మనిషి కూడా ఆయనకు నీడలాగే ఆనేవాడు. "అప్పుడు మీ అమ్మ సూపించింది. ఇప్పుడు నువ్వు సూసి సెప్పాల," అన్నాడు. ఆ మాట నాకు గొప్పగానూ ఉంది, భయంగానూ ఉంది.

మందస దాకా బండి, ఆపైన నడక. దారి చూపిన సవర పెద్దాయన అడవిలో కాయ విరగకాసిన మేడిచెట్టు ఎదుట మమ్మల్ని కూర్చోబెట్టాడు. "పళ్లకి ఇక్కడికే వత్తాది బాబూ. మరి ఈ గుంట నోరు మూసుకుని కూకుంటాదా?" అన్నాడు. తాతయ్య నవ్వాడు. "మా ఇంట్లో మాటాడీది ఇదొక్కర్తే. దీని నోరు మూత్తే ఇల్లు మూగబోద్ది."

పొద్దు వాలాక వస్తానని ఆ సవర పెద్దాయన దుంపలు తవ్వుకోవడానికి వెళ్లిపోయాడు. పుట్టినప్పటి నుంచి నా చెవిలో ఉన్న సముద్రపు హోరు అక్కడ లేదు. లోకంలో అది లేని చోటు ఉంటుందని అప్పుడే తెలిసింది. ఎవరో చెయ్యి వదిలేసి వెళ్లినట్టనిపించింది.

కాసేపటికోసారి తాతయ్య "కానొచ్చిందా?" అనేవాడు. లేదు తాతా అన్నప్పుడల్లా ఆయన మొహం చిన్నబోతున్నట్టు నాకు తోచేది. అమ్మకు కనిపించినది నాకెందుకు కనిపించదు? నేను అమ్మ కూతుర్ని కానా?

నాలుగోసారి అడిగినప్పుడు "కానొచ్చింది తాతా" అనేశాను.

"ఎలగుంది?"

నల్లటి రెక్కలు, తెల్లటి పొట్ట, ముక్కు మీద ముక్కు. ఆయన నాకు చెప్పినవన్నీ ఆయనకే అప్పజెప్పాను. "అలగా," అని చేతులు జోడించాడు. కానీ లేవలేదు. మళ్లీ అడగనూ లేదు. అడగకపోయేసరికి, పక్కనే ఆయన భుజం తగులుతున్నా, ఆ కొండ మీద నేనొక్కదాన్నే ఉన్నట్టయింది.

నీడలు పొడుగవుతుండగా తాతయ్య తల ఎత్తాడు. కళ్లంలో చేటలతో విసురుతున్నట్టు, ఆకుల పైనుంచి గట్టిగా రెక్కల చప్పుడు.

"ఇప్పుడొచ్చింది. సూడమ్మా."

అంత చప్పుడుతో వచ్చే పిట్ట ఇందాక రాలేదని ఆయనకు తెలుసు. నేను నోరు తెరవకముందే తెలుసు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఏడుపులోనే చెప్పాను. పిట్ట ముక్కు కొసతో మేడిపండు తుంచుతోందని, దాన్ని గాల్లోకి ఎగరేసి నోటితో పట్టి మింగుతోందని.

"అద్గదీ," అన్నాడు తాతయ్య. ఆయన కళ్లు కూడా తడిశాయి. "ఆ ఎగరెయ్యడం నాను మర్సిపోనాను. మీ అమ్మ కూడా అదే సెప్పింది."

ఇందాకటిది అని నేనేదో అనబోతే, నా తల మీద చెయ్యి వేశాడు. "కానరాకపోతే కానరాలేదనమ్మా. నాను కూకుంటాను." అంతే. కొండ దిగేటప్పుడు గానీ, బతికున్నన్నాళ్లు గానీ ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నా కళ్లకూ పొర వచ్చింది. పొద్దున్నే దీపం వెలిగించి, అలాంటి తాతను ఇచ్చినందుకు ముందుగా దేవుడికి దండం పెట్టుకుంటాను. ఇన్నేళ్ల పూజకి దేవుడు కనిపించాడా అని మనవరాళ్లు వేళాకోళం చేస్తుంటారు. వాళ్లను మెప్పించడానికి ఏదో ఒకటి చెప్పొచ్చు. చెప్పను. చెవి మాత్రం పైకి ఒగ్గి, తాతయ్య మాటతోనే అంటాను.

కానరాలేదమ్మా. కూకున్నాను.