జయశీలక్క చుక్కల పాఠం

జయశీలక్కకి కోపం వస్తే ఇంజెక్షన్ గట్టిగా పొడుస్తుందని మా చర్చి సంఘంలో ఒక అపవాదు. శుద్ధ అబద్ధం. ఢిల్లీలో జనక్‌పురి దగ్గర ఓ ఆసుపత్రి లేబర్ రూములో పదిహేడేళ్లుగా నర్సు. మా సండే స్కూలు పిల్లల్లో సగం మంది ఆవిడ చేతుల్లోకి వచ్చినవాళ్లే. సొంతూరు పాలకొల్లు పక్కన. ఇన్నేళ్లయినా ఆటోవాడితో "భయ్యా, మీటర్ సే చలో, లేకపోతే దిగిపోతా" అనే హిందీ ఆవిడది.

ఆవిడకి పిల్లల్లేరు. ఈ సంగతి నేను బయటపెట్టక్కర్లేదు, మా సంఘం ఏటా మైకులో చెప్పి మరీ ప్రార్థన చేసేది. దానికో కారణముంది. కొత్త సంవత్సరం ఆరాధనలో మావాళ్లు వాగ్దానం కార్డులు తీస్తారు. పళ్లెంలో బోర్లా పెట్టిన కార్డుల్లో ఏది చేతికొస్తే అందులోని మాటే ఆ ఏటికి దేవుడు మనకిచ్చిన మాట. తొంభై ఒకటిలో, పెళ్లయిన కొత్తలో, జయశీలక్కకి చుక్కల కార్డు వచ్చింది. బిడ్డల్లేని ముసలి అబ్రాహామును దేవుడు ఆరుబయటికి తీసుకెళ్లి, ఆ చుక్కలు లెక్కపెట్టగలవా, నీ సంతానం అంత అవుతుంది అన్నాడే, ఆ మాట. ఇంకేముంది! సంఘంలో పెద్దావిడ అన్నమ్మ పిన్ని ఆ వారమే పసిపిల్ల స్వెట్టరు అల్లడం మొదలెట్టేసింది.

పదిహేనేళ్లు గడిచాయి. స్వెట్టరు ఎవరి బిడ్డకో వెళ్లిపోయింది. "విశ్వాసం తక్కువేమో చూసుకో సిస్టర్" అని ఒకావిడ సలహా కూడా ఇచ్చింది. ఆ నోటిని నేనిప్పటికీ క్షమించలేదు.

రెండువేల ఆరులో పిల్లల వేసవి తరగతులకి పాఠాలు పంచే పని నా నెత్తిన పడింది. గొడవలెందుకని చీటీలు వేశాను. అబ్రాహాము పాఠం జయశీలక్కకే వచ్చింది. ఆవిడ చీటీ చూసి, మళ్లీ మడిచి, నా చేతిలో పెట్టింది.

"ఇది నావల్ల కాదు తమ్ముడూ. నాకే నమ్మకం లేని మాట పిల్లలకి ఏ నోటితో చెప్పమంటావు?"

"చీటీలో వచ్చింది కదక్కా, దేవుడి చిత్తం" అన్నాను. ఒక కార్డు చేసిన నిర్వాకం చాలదన్నట్టు, పైన నా చీటీ ఒకటి. ఎంత బుద్ధిలేనివాణ్ణి!

చివరికి ఒప్పుకుని, ఆవిడ తరగతిలో ఐదు నిమిషాల్లో కథ ముగించి, "ఇవాళ సాయంత్రం మీరూ చుక్కలు లెక్కపెట్టి రండి" అని పని అప్పజెప్పింది. తప్పించుకోడానికే. కానీ మే నెల దుమ్ములో, ఢిల్లీలో, చుక్కలెక్కడివి? మర్నాడు దీపు అనే బుడతడు "పాంచ్", ఐదే, అన్నాడు. ఇంకొకడు విమానాలతో కలిపి పదకొండు అన్నాడు. పదేళ్ల ఫేబీ మాత్రం చేతులు కట్టుకుని, "ఓన్లీ సెవెన్, ఆంటీ. ఇదేం ప్రామిస్?" అంది. అందరూ నవ్వారు, జయశీలక్క కూడా నవ్వింది. నాకు మాత్రం ఆవిడ మొహం చూసే ధైర్యం లేకపోయింది.

ఆఖరి రోజు సాయంత్రం మేం అద్దెకి తీసుకున్న హాలు మేడమీద పిల్లల పాటలు పెట్టుకున్నాం. సరిగ్గా అప్పుడే గాలిదుమారం, వెనకే వాన. అందరం మెట్ల కింద దూరాం. కాలనీ మొత్తానికి కరెంటు పోయింది. ఎనిమిదింటికి వాన వెలిశాక, తడిసిన చాపలు తెద్దామని పైకెళ్లాం.

ఆకాశం నిండా చుక్కలు. నేను ఇక్కడే ఆర్.కె. పురం క్వార్టర్లలో పెరిగినవాణ్ణి, అన్ని చుక్కలు చూడటం నాకూ అదే మొదలు. పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉండిపోయారు.

"ఇన్ని ఇచ్చాడా, ఆంటీ? సచ్ మే, నిజంగా?" అంది ఫేబీ.

ఆవిడకి ఆ ప్రశ్న తప్పిద్దామని పిల్లల్ని కిందికి తోలేద్దామనుకున్నాను. కానీ జయశీలక్క ఆ తడి నేల మీదే కూర్చుంది.

"ఇచ్చాడమ్మా. కానీ అంతమందినీ ఆ ముసలాయన చూడలేదు. ఆయన చూసింది చుక్కల్నే. నాకూ అదే మాట ఇచ్చాడన్నారు. నాకు పుట్టలేదు. దేవుడంటే నాకు కోపం."

దీపు మెల్లగా దగ్గరికి జరిగి, "తో కట్టీ హై క్యా, ఆంటీ?" అన్నాడు. ఇక్కడి పిల్లలు దెబ్బలాడుకుని మాటలు మానేస్తే కట్టీ అంటారు.

"కట్టీ కాదు నాన్నా. మాట్లాడుతూనే ఉన్నాను. అందరికోసం అడుగుతాను. నాకోసం అడగడం మానేశాను, అంతే."

అంతలో కరెంటు వచ్చింది. వీధి వీధంతా ఈలలు, కేకలు. మేడమీద ట్యూబులైటు భళ్లున వెలిగి చుక్కల్ని మింగేసింది. జయశీలక్క చటుక్కున లేచి నిలబడింది.

"ఒక్క ఐదు నిమిషాలు కరెంటు తీసెయ్యి ప్రభువా," అంది గట్టిగా, "నేనింకా చూసుకోలేదు!"

కరెంటు పోలేదు. ఆవిడ వెలుగు కంట పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని పైకే చూస్తూ నిలబడింది. పక్కనే పిల్లలందరూ చేతులు అడ్డం పెట్టుకుని తలలెత్తారు.