నలభై ఒకటో వరస

మా ఆయన పేరు ఏడుకొండలు. సొంతూరు నెల్లూరు, వయసు యాభై నాలుగు. సింగపూర్ బెడోక్‌లో ఈ తొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌కి వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చూస్తారు. అంటే ఇంకొకళ్లు చేసిన పనిలో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. ఆ బుద్ధి ఆఫీసులో వదిలేసి ఇంటికొస్తే ఎంత బాగుండేదో. ఎవరైనా శుభలేఖ పంపితే తిథికీ వారానికీ పొంతన కుదరలేదని ఫోన్ చేసి మరీ చెప్పే మనిషి. పెళ్లివాళ్లు ఏమనుకుంటారోనని సిగ్గుతో చచ్చేది నేను.

మా అమ్మాయి కీర్తిక చిన్నప్పుడు టీవీలో ఒక కార్టూన్ వచ్చేది. ఇంగ్లీషుదే, కానీ మా ఇంట్లో దాని పేరు ‘లిఫ్టు తాత’. ఒక పాత ఫ్లాట్ల బ్లాకులో మాట్లాడే ముసలి లిఫ్టు ఒకటి ఉంటుంది. ఒకటి, అయిదు, తొమ్మిది అంతస్తుల్లో తప్ప ఇంకెక్కడా ఆగదు. మిగతా అంతస్తుల వాళ్లు దాన్ని పొగడాలి, బతిమాలాలి, దాని పాత కథలు వినాలి. మొత్తం నూట నాలుగు ఎపిసోడ్లు. తండ్రీకూతుళ్లు పక్కపక్కన కూర్చుని పడీపడీ నవ్వేవాళ్లు. కీర్తిక పెద్దదయింది, చదువయింది, ఉద్యోగం వచ్చి స్నేహితురాలితో కలిసి ఆంగ్ మో కియోలో ఉంటోంది. ఈయన మాత్రం ఇంకా ఆ లిఫ్టులోనే ఉండిపోయారు.

రెండేళ్ల కిందట ఆ ఎపిసోడ్లన్నీ ఎక్కడో సంపాదించి మళ్లీ మొదటి నుంచీ చూడడం మొదలుపెట్టారు. శనివారం పొద్దున కాఫీ అయ్యాక ఒకటి. చూసి ఊరుకుంటే ఆయన ఏడుకొండలు ఎందుకవుతారు? ఎక్కడున్నా తెరుచుకునేలా ఆన్‌లైన్‌లో పెద్ద పట్టిక తయారుచేసి, ఎపిసోడ్‌కి ఒక వరస చొప్పున సమీక్ష రాసేవారు, అదీ ఆఫీసు పద్ధతిలో. ‘ఎపిసోడ్ 12: లిఫ్టు ఆరో అంతస్తులో ఆగింది. నియమానికి విరుద్ధం. తీవ్రత: ఎక్కువ. నవ్వు: మూడుసార్లు.’ ‘ఎపిసోడ్ 26: లిఫ్టెక్కిన ఆంటీ చేతిలో గొడుగు ఎడమ నుంచి కుడికి మారింది. తీవ్రత: తక్కువ. నవ్వు: ఏడుసార్లు.’

యాభై దాటిన మనిషి సోఫాలో మఠం వేసుక్కూర్చుని నవ్వులు లెక్కపెట్టుకుంటుంటే నాకు ఒళ్లు మండేది. బట్టలు ఆరేస్తూ, “అయిందా మీ లిఫ్టు గోల?” అనేదాన్ని. ఆడబిడ్డ ఫోన్ చేస్తే, “మీ అన్నయ్యకి పరీక్షలు దగ్గరపడ్డాయి, కార్టూన్ చదువుతున్నారు” అని ఆయన వినేటట్టే చెప్పి నవ్వేదాన్ని. ఆయన టీవీ సౌండ్ కొంచెం తగ్గించేవారు. నా నోరు అలాంటిది. ఒప్పుకుంటున్నాను.

పోయిన ఏడాది బ్యాంకువాళ్లు సిస్టమ్ మారుస్తున్నామని ఆయన్ని పది వారాలు హాంకాంగ్ పంపారు. అప్పటికి నలభై ఎపిసోడ్లయ్యాయి. వెళ్లేటప్పుడు నల్లగా ఉన్న మీసం వచ్చేటప్పటికి సగం తెల్లబడింది. రోజుకి పద్నాలుగు గంటల పనట, ఏం తిన్నారో ఎప్పుడు పడుకున్నారో ఆయనకే తెలియదు.

వచ్చిన రెండో శనివారం యథాప్రకారం లిఫ్టు తాతని పెట్టారు. ఎపిసోడ్ అయింది, కంప్యూటర్ ముందు కూర్చున్నారు. నేను వంటింట్లోంచి చూస్తే, చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా ఉన్నారు. పని అలసట ఇంకా తీరలేదులే అనుకున్నాను.

ఆ తర్వాత ఇంట్లో చీటీలు మొదలయ్యాయి. స్టవ్ పక్కన ‘గ్యాస్ కట్టేశానా?’ తలుపు మీద ‘తాళం, ఫోన్, కార్డు’. నాలుగిళ్ల అవతల ఉండే అంకుల్ ఎదురైతే పేరుపెట్టి పలకరించి, పక్కకి తిరిగి ఆ పేరే మళ్లీ గొణుక్కునేవారు. ఒకరోజు అన్నం తింటూ, “తారా, ఆదివారం టెక్కా మార్కెట్‌లో మనం ఏం కొన్నామో నువ్వు చెప్పకు, నేను చెప్తా” అని గోంగూర దగ్గర్నుంచి కరివేపాకు దాకా వరసగా అప్పజెప్పారు.

“మీకేమన్నా పిచ్చా? తినండి ముందు” అన్నాను.

“అన్నీ సరిగ్గా చెప్పానా?”

“చెప్పారు. నాలుగు ములక్కాడలు అని కూడా చెప్పారు. ఇంకేం కావాలి?”

ఆయన తల ఊపి పెరుగు కలుపుకున్నారు. ముఖంలో సంతోషమేమీ లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా మామగారికి అరవై నిండకముందే మతిమరుపు జబ్బు వచ్చింది. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన కన్నకొడుకుని గుర్తుపట్టే స్థితిలో లేరు. ఆ రోజుల గురించి మా ఆయన నోరు విప్పి మాట్లాడగా నేను వినలేదు. అందుకే, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన ఒక కవరు తెచ్చి నా ముందు పెట్టినప్పుడు నాకు మామగారే గుర్తొచ్చారు. అందులో పాస్‌వర్డులు, ఇన్సూరెన్స్ కాగితాలు, ఎవరికి ఏ పనికి ఫోన్ చేయాలో రాసిన చిట్టా ఉన్నాయి.

“ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా. లెటర్ రాసి పెట్టా” అన్నారు.

“ఎందుకు?”

“నాకు మా నాన్న జబ్బే మొదలైంది తారా. చేసిన పనులు చేసినట్టే గుర్తుండట్లేదు. బ్యాంకులో నా వల్ల ఏదో తప్పు జరిగాక పొమ్మనిపించుకునే కంటే ముందే తప్పుకోవడం మంచిది.”

“ఏం పనులు? ఏం మర్చిపోయారు మీరు?”

“చెప్తే నవ్వుతావు” అన్నారు.

“చెప్పి చావండి” అని అరిచాను. నాకు భయమేస్తే కోపమే వస్తుంది. ఆయన లేచి లోపలికి వెళ్లిపోయారు. వెంటనే కీర్తికకి ఫోన్ చేశాను.

“మమ్మీ, నాన్న ఓకే లా. స్ట్రెస్ అయ్యుంటుంది” అంది, ఇక్కడి పిల్లల మాటతీరులో. మళ్లీ తనే, “బట్ చెకప్ చేయించు. నేను బుక్ చేస్తా. నాన్నని రిజైన్ చేయొద్దని చెప్పు ఫస్ట్” అంది.

మూడు వారాల తర్వాతకి అపాయింట్‌మెంట్ దొరికింది. లెటర్ అప్పటిదాకా ఆపుతానని ఒప్పుకున్నారు. ఆ మూడు వారాలు నేను బతికిన బతుకు ఎవరికీ వద్దు. మజ్జిగలో ఉప్పు రెండోసారి వేసుకుంటారేమోనని చూసేదాన్ని, లిఫ్టులో మా అంతస్తు బటన్ నొక్కేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. శనివారాలు టీవీ పెట్టడమే మానేశారు. ఆ గోల లేని ఇల్లు కావాలని కోరుకున్నదాన్ని నేనే, ఆ ఇంట్లో నాకు కాలు నిలవలేదు.

గురువారం పొద్దున ఆసుపత్రికి వెళ్లాం. డాక్టర్ చైనీస్ అమ్మాయి, మా కీర్తిక ఈడే ఉంటుంది. అయిదు మాటలు చెప్పి కాసేపయ్యాక అడిగింది, ఈయన అయిదూ చెప్పారు. గడియారం బొమ్మ వేయమంది, ముళ్లతో సహా వేశారు. వందలోంచి ఏడేడు తీసేస్తూ రమ్మంది, ఆపమనేదాకా తీశారు. పైగా, ఆవిడ ఇచ్చిన ఫారంలో ఒకచోట తేదీ ముందు, ఇంకోచోట నెల ముందు ఉందని వేలు పెట్టి చూపించారు. ఆ పిల్ల నవ్వేసి, “ఇంత బాగా చేశారు కదా, మీకు అనుమానం ఎందుకొచ్చింది?” అని అడిగింది.

అప్పుడు మా ఆయన సంచిలోంచి ఫైలు తీశారు. టెస్టింగ్ మనిషి కదా, సాక్ష్యం లేకుండా మాట్లాడరు. ఆ ఫైల్లో ఆయన పట్టిక ప్రింటు ఉంది. నలభై ఒకటో వరస నుంచి నలభై తొమ్మిది దాకా పసుపు రంగు పూసి ఉంది.

“ఈ తొమ్మిదీ నేను హాంకాంగ్‌లో ఉండగా రాశాను” అని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు. “తేదీలు ఉన్నాయి. ఎవరు రాశారో చూస్తే నా పేరే వస్తోంది. మూడుసార్లు సరిచూశాను. కంప్యూటర్ లాగ్ అబద్ధం చెప్పదు. కానీ ఈ ఎపిసోడ్లు చూసినట్టు గానీ ఇవి రాసినట్టు గానీ నాకు గుర్తులేదు. ఒక్కటి కూడా.”

నేను కుర్చీలో ముందుకి జరిగాను. డాక్టర్ ఒకటి చదివి అర్థం చెప్పమంది. ఆయన కళ్లజోడు సర్దుకుని నలభై ఒకటోది ముందు తెలుగులోనే చదివారు.

“ఈ ఎపిసోడ్‌లో లిఫ్టుది పొగరు కాదు, భయం. పాతబడ్డానని తెలిస్తే తీసేస్తారని భయం. భయపడే పిల్లలే ఎక్కువ గట్టిగా అరుస్తారు. కోప్పడకుండా పక్కన కూర్చుంటే చాలు, వాళ్లే చెప్తారు.”

మా బ్లాకు కింద ఉన్న పిల్లల బడిలో నేను పదిహేనేళ్లుగా టీచర్‌ని. నెలనెలా ఒక్కో పిల్లాడి గురించీ తల్లిదండ్రులకి ఇలాంటి నాలుగు ముక్కలు రాయడం నా పని.

“అది నేను రాశాను” అన్నాను తెలుగులో. ఇద్దరూ నా వైపు తిరిగారు. “ఇది నేను రాశాను డాక్టర్. తొమ్మిదీ నేనే రాశాను” అని ఇంగ్లీషులో మళ్లీ చెప్పాను.

మా ఇంట్లో ఇరవై రెండేళ్లుగా ఒకటే ఈమెయిల్. కరెంటు బిల్లు, కీర్తిక స్కూలు, గుడిలో అర్చన, నా ఫోను, అన్నీ ఏడుకొండలు గారి పేరు మీదే. హాల్లో కంప్యూటర్ కూడా ఆయన పేరుతోనే తెరుచుకుంటుంది. ఎవరు ఏం రాసినా రాసింది ఆయనే అంటుంది. నాకంటూ ఒకటి పెట్టుకోవాలని నాకెప్పుడూ తోచలేదు, ఆయనకీ తోచలేదు.

మిగతాది కూడా ఆ పిల్ల ముందే చెప్పాను. ఆయన వెళ్లిన రెండో శనివారం అలవాటు కొద్దీ రెండు కాఫీలు కలిపాను. ఇల్లంతా నిశ్శబ్దం. ఏదో ఒక చప్పుడు ఉంటుందని ఆ కార్టూన్ పెట్టాను. నవ్వొచ్చింది. అయ్యాక చూస్తే పట్టికలో వరస ఖాళీగా ఉంది, చేయి ఊరుకోక రాశాను. అలా తొమ్మిది శనివారాలు. ఆయన వచ్చాక చూసి ఆటపట్టిస్తారని వారం పాటు జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆయన ఒక్క మాట కూడా అనకపోయేసరికి నా రాత పట్టించుకోలేదనుకుని, పైకి చెప్పకపోయినా అలిగాను కూడా. ఆయన పడుతున్న భయానికీ దీనికీ ముడి ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

డాక్టర్ పెన్ను బల్ల మీద పెట్టేసింది. జ్ఞాపకశక్తి వయసుకి తగ్గట్టే ఉంది, బాగుంది అని చెప్పింది. కంటినిండా నిద్రపొమ్మంది, కావాలంటే ఏడాది తర్వాత ఒకసారి రమ్మంది. మేం లేస్తుంటే, “ఇద్దరూ వేరే వేరే ఈమెయిల్స్ పెట్టుకోండి” అంది. అదొక్కటే మందు.

బయటికొచ్చి రోడ్డు దాటి, తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్లాం. ఆయన ఖాళీ బల్ల మీద, ఈ చోటు మాదే అన్నట్టు, టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్లి రెండు టీలు తెచ్చారు. కూర్చుని ఫోన్ తీసి, ఆ రాజీనామా లెటర్ నాకు చూపించి చెరిపేశారు. తిడతారని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

“కోపంగా ఉందా?” అన్నాను.

“లేదు. ప్రాణం లేచొచ్చింది. లిఫ్టు గోల అనే నువ్వు రాసుంటావని నాకు తట్టనేలేదు.” సగం టీ తాగారు. “ఒక్క బాధ మాత్రం ఉంది. భయంతో పాటు లోపల కాస్త గర్వపడ్డా. మతి పోయేముందు ఎంత బాగా రాశాను, లిఫ్టుది భయమని ఎలా పట్టుకున్నాను అని. నలభై రాశా, ఒక్కటీ అలా రాయలేకపోయా.”

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాను. “ఇదంతా మీ చేతులారా చేసుకున్నదే. ఆ ఆదివారమే సంగతి చెప్పి ఉంటే, ఇలాగే నవ్వేసి నేనే రాశానని చెప్పేదాన్ని. అక్కడితో అయిపోయేది.”

ఆయన కప్పు బల్ల మీద పెట్టారు.

“మా నాన్న బస్సు కండక్టరు కదా” అన్నారు. “ఒకరోజు ఒకే మనిషికి రెండుసార్లు టికెట్ కొట్టాడు. బస్సంతా నవ్వారు. ఇంటికొచ్చి ఆయనే చెప్తే మేమూ నవ్వాం. అందరికంటే నేనే ఎక్కువ నవ్వా. ఆయన కూడా మాతో కలిసి నవ్వాడు తారా. ఆ తర్వాత ఏం మర్చిపోయినా ఇంట్లో చెప్పడం మానేశాడు.”

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఈ మాట నాకు చెప్పడం ఇదే మొదటిసారి. నా నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది. నేను అన్న ఎగతాళి మాటలన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి, వాటికి ఆయన టీవీ సౌండ్ తగ్గించడం గుర్తొచ్చింది. కుర్చీ లాక్కుని ఆయన పక్కకి వెళ్లి కూర్చున్నాను.

టీ చల్లారిపోయింది. ఇద్దరం అలాగే తాగేశాం.

“పదండి, ఇంటికెళ్లి యాభయ్యోది పెట్టండి. ఇద్దరం చూద్దాం” అన్నాను.

“ఇవాళ గురువారం కదా” అన్నారు మా ఆయన.

“గురువారమే. నాకూ గుర్తుంది. పదండి.”