అవ్వ తుడవబోయిన గొట్టం

రేపటికి ఇది మామూలు సంగతిలా అనిపిస్తుందేమోనని ఈ సాయంత్రమే రాస్తున్నాను.

విడపనకల్లు నుంచి వచ్చిన మా అవ్వకు అర్జెంటీనా వాళ్ళ పద్ధతులు చూపిద్దామని, బుక్కరాయసముద్రంలో ఉండే నా తోటి ఉద్యోగి లూసియా ఇంటికి తీసుకుపోయాను. లూసియా సొరకాయ బుర్రలో మాతే అనే చేదు ఆకు వేసి వేడినీళ్ళు పోసింది. అందరూ ఒకే గొట్టంతో వంతులవారీగా తాగాలి. తను తాగి, మళ్ళీ నీళ్ళు పోసి అవ్వకిచ్చింది.

అవ్వ తాగి, గొట్టాన్ని కొంగుతో తుడవబోయింది. లూసియా నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టింది.

"తుడిస్తే ఆమెను దూరం పెట్టినట్టంట అవ్వా" అన్నాను.

"అది కాదుమే, నా ఎంగిలి ఆయమ్మెట్ల తాగుతాది?"

మా అవ్వ పెద్ద రైతుల వాకిళ్ళలో వంగి, పైనుంచి పోసిన నీళ్ళు దోసిట్లో పట్టుకొని తాగిన మనిషి.

లూసియా అదే గొట్టంతో తాగింది. అవ్వ కన్నార్పకుండా చూసింది.

"తాగేసింది సూడు" అంది మెల్లగా. "ఇంగొకసారి పొయ్యమను."

కషాయమంటే నన్ను తిట్టే మనిషి నాలుగు వంతులు తాగింది. దారిలో అడిగింది: "మన తట్టు యాడన్నా ఇట్లా ఉండాదా?"

మా ఇంట్లో మొదట చదువుకున్నది నేనే. అయినా అవ్వ ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను. అలాంటి చోటు మీకు తెలిస్తే శనివారంలోగా రాయండి. ఆదివారం అవ్వ ఊరికి పోతుంది.