గుంత తవ్వనివ్వని గది

2022 వేసవి. అనంతపురంలో ఇల్లు లేని ఆడవాళ్ళ కోసం నడిచే ఒక షెల్టర్ హోమ్‌లో నేను కేస్ వర్కర్‌ని. వచ్చినవాళ్ళ గోడు వినడం, కాగితాలు తయారుచేయడం, బయట ఒక గది చూసిపెట్టి పంపడం నా పని. ఈ చివరిదాన్ని మేము రీహాబిలిటేషన్ అంటాం. గది దొరికితే ఫైలు మూసేస్తాం.

రామక్క ధర్మవరం నుంచి వచ్చింది. యాభై దాటిన మనిషి, పట్టుచీరలు నేసేది. భర్త పోయిన నెలకే ఓనరు ఇల్లు ఖాళీ చేయించాడు. మగ్గం విప్పి, చెక్కలన్నీ తెలిసినవాళ్ళ కొట్టంలో పెట్టి వచ్చింది. మా దగ్గర ఎవరితోనూ కలిసేది కాదు. మంచం మీద కూర్చుని కాళ్ళు ఒకటి తర్వాత ఒకటి నేలకేసి నొక్కుతూ ఉండేది. మోకాళ్ళ నొప్పేమో అనుకుని డాక్టరుకు చూపించాను. నా తెలివి అంత.

ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వమని ధర్మవరంలో ఎన్ని గడపలు ఎక్కి దిగానో. చివరికి ఒకటి దొరికింది. స్లాబు, లోపల గడియ, కుళాయి, నున్నటి టైల్స్. గర్వంగా తీసుకెళ్ళి చూపించాను. రామక్క పైకి చూడనే లేదు. నేలను కాలితో తడిమింది.

"గుంత యాడ తవ్వాల మేడం?"

"గుంతెందుకక్కా?"

"మాది గుంతమగ్గం. నేసేటప్పుడు కాళ్ళు గుంతలో పెట్టి ఒకటి మార్చి ఒకటి తొక్కాల. ఈ బండలు పగలగొట్టనిస్తాడా ఓనరు?"

ఓనరు ససేమిరా అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఆమె మీదే.

"ముందు తల దాచుకోక్కా. మగ్గం సంగతి తర్వాత చూద్దాం."

"తల యాడైనా దాచుకుంటా. పొద్దు పోయేది ఎట్ల మేడం?"

నేనూ ఒంటిగదిలో ఉండేదాన్నే. ఆదివారాలు పొద్దు గడవక ఆఫీసుకు పోయేదాన్ని. సిగ్గేసింది.

మళ్ళీ వెతికాం, ఈసారి ఇద్దరం కలిసి. ఊరి చివర మట్టినేల ఉన్న రేకుల గది దొరికింది. "మట్టే కదా, తవ్వుకో పో" అంది ఓనరమ్మ.

రెండు నెలల తర్వాత ఫాలో-అప్‌కు, అంటే పంపినవాళ్ళు ఎలా ఉన్నారో చూడటానికి వెళ్ళాను. మగ్గం ఆడుతోంది. రామక్క గుంతలో ఒక పక్కకు కూర్చుని నేస్తోంది. పక్కన ఇంకో మనిషి పట్టే చోటు ఖాళీగా ఉంది.

"ఒక్కదానివే కదక్కా, ఇంత గుంత ఎందుకు తవ్వినావు?"

"ఇద్దరం పక్కపక్కన కూచోని నేస్తాంటిమి మేడం. తవ్వతా తవ్వతా ఆ కొలతకే పోయింది చెయ్యి. పూడ్చబుద్ధి కాలేదు."

చెప్పులు విప్పి, ఆ ఖాళీలో కాళ్ళు వేలాడేసుకుని కాసేపు కూర్చున్నాను. రామక్క నేస్తూనే ఉంది.

ఇప్పుడు గది వెతికే ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతాను, కొత్త గదిలో పొద్దున లేచి ఏం చేస్తావని. పక్కన ఖాళీ గురించి మాత్రం అడగను. అడిగితే ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.