తరుగు తీసిన తూకం

డెబ్బైల మొదట్లో ఫార్మసీ చదువులో భాగంగా నన్ను మిర్యాలగూడ దవాఖానలో శిక్షణకు వేశారు. మందు మోతాదు కట్టడంలో నాకు తిరుగులేదని నా నమ్మకం. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పేదాన్ని.

ఒకరోజు దామరచర్ల వైపు నుంచి గొర్లు కాసుకునే ఒకామె అయిదేళ్ల కూతురిని తీసుకొచ్చింది. పిల్లకు మూర్ఛ. తల్లి వెంట కాలువ గట్టున తిరిగే పిల్ల, ఎప్పుడు నీళ్లలో పడుతుందోనని ఆమె భయం. డాక్టరుగారు మందు రాసి, కిలోకు అయిదు మిల్లీగ్రాముల చొప్పున మోతాదు కట్టమని నాకు అప్పజెప్పారు. మా తూకపు యంత్రం చెడిపోయి నెలయింది. ఎదురుగా ఉన్న రైసుమిల్లు కాంటా మీద తూయించుకు రమ్మని తల్లిని పంపాను. చీటీలో పదిహేను కిలోలని ఉంది. పదిహేను అయిదులు డెబ్బై అయిదు. మందు కలిపి, సీసాకు మోతాదు గీతల కాగితం అంటించి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

పది రోజులకు తల్లి మళ్లీ వచ్చింది.

"తగ్గింది గని పోలేదమ్మా. నిన్న కాలువకాడనే వచ్చింది. గౌను దొరికింది గాబట్టి గుంజుకున్న."

నా లెక్క కాగితం తీశాను. మూడుసార్లు లెక్క చేశాను, మూడుసార్లూ డెబ్బై అయిదే. డాక్టరుగారు కాగితం చూసి, "లెక్క సరిగ్గానే ఉంది. తూకం నువ్వు చూశావా?" అన్నారు. నేను చూడలేదు.

పిల్లను ఎత్తుకుని మిల్లుకు వెళ్లాను. కాంటా పద్దెనిమిది చూపించింది. తూకం వేసే పెద్దాయన మాత్రం చీటీ మీద పదిహేనే రాశాడు.

"పద్దెనిమిది కదా తాతా?"

"పద్దెనిమిదే బిడ్డా. గోనెసంచి ఉన్నా లేకున్నా దానికి కిలో. తానం జేసొచ్చింది, నెత్తి తడిగున్నది, తేమకు రెండు. తరుగు తియ్యకుంటే మా సావుకారు ఊకుంటడా?"

నాకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. నిన్న కాలువ దగ్గర జరిగింది చెప్పగానే ఆయన మొహం వాడిపోయింది. పిల్ల తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. ఆయన్ను ఏమని అంటాను, చీటీని నమ్మి కూర్చున్నది నేను.

డాక్టరుగారు తొంభైకి ఒప్పుకున్నారు. మూడు నెలల తర్వాత తల్లీకూతుళ్లు వచ్చారు. మూర్ఛ ఒక్కసారి కూడా రాలేదట. మోతాదు మళ్లీ చూడాలి కాబట్టి మిల్లుకు ముందే వెళ్లొచ్చారు. పిల్ల చెయ్యి చాపి చీటీ ఇచ్చింది. పంతొమ్మిది కిలోలు. కింద పెద్దాయన వంకర అక్షరాలు: "మనిషి. తరుగు లేదు."