హిందూపురం నుంచి ధర్మవరానికి: జోన్ డిఫెన్స్‌ను విప్పిన మా రేణుక

మా చెల్లెలు రేణుక ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. బెంగళూరులోని ఒక చిన్న ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టులో సెంటర్‌గా, అంటే బుట్టకు దగ్గరగా ఉండి ఆడే మనిషిగా, నిరుడు చేరింది. మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో ఆమెను ఆపగలిగినవాళ్ళు లేరు. ఐదో మ్యాచ్ నుంచి ఎదుటి జట్లన్నీ జోన్ డిఫెన్స్ మొదలుపెట్టాయి. మనిషికి మనిషి కాపలా మానేసి, తలా ఒక జాగాను కాయడమే జోన్. బుట్ట కింద రేణుకకు ముందొకరు, వెనకొకరు నిలబడితే బంతి ఆమె చేతికే రాలేదు. సీజన్ ముగిసేసరికి బెంచీ మీద కూర్చుంది. మొన్న ఫోన్ చేసి, "అక్కా, ఆదివారం ధర్మవరంలో ప్రదర్శన మ్యాచ్ ఉండాది. అది చూసినాకనే వచ్చే ఏడాదికి ఎవుర్ని పెట్టుకోవల్లో చెప్తారంట. మీరు రావద్దులే," అంది. ఆ చివరి మాట విన్నాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

నేను హిందూపురంలో టీచర్ని. శనివారమే పరిగి నుంచి మా అవ్వ లక్ష్మమ్మను పిలిపించుకున్నాను. యాభై ఏళ్ళు గొర్రెలు మేపిన మనిషి. మనవరాలి ఆట ఒక్కసారి కూడా చూడలేదు. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి హిందూపురం బస్టాండులో పెనుకొండ బస్సెక్కాం. మన రాష్ట్రం ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్లు కొట్టిచ్చాడు. "యాడికవ్వా ఇంత పొద్దున్నే?" అన్నాడు. "మా పాప బంతాట ఆడతాది. చూసేకి పోతాండా," అంది అవ్వ. ఆ మాట వినగానే వెనక సీట్లోవాళ్ళు కూడా ముందుకు వంగారు. పెనుకొండ చేరేదాకా రేణుక ఎంత పొడుగో, చిన్నప్పుడు ఎన్ని రాగిముద్దలు తినేదో అందరికీ చెబుతూనే ఉంది.

నేరుగా ధర్మవరం పోకుండా పెనుకొండలో దిగడానికి కారణం నాగరాజు సారు. రేణుకకు బడిలో బంతి పట్టడం నేర్పిన డ్రిల్ మాస్టారు. రిటైరై ఇక్కడే ఉంటున్నారు. తొమ్మిదింబావుకు మేం దిగేసరికి ఇస్త్రీ చొక్కాతో, మెడలో పాత విజిల్‌తో సిద్ధంగా ఉన్నారు. ఆటోకు వంద రూపాయలిచ్చి ఊళ్ళో రెండు చోట్లకు వెళ్ళాం. కొండ కింద విజయనగర రాజుల గగన్ మహల్ ముందు పది నిమిషాలు నిలబడ్డాం. తర్వాత అవ్వ కోరిక మీద బాబయ్య దర్గాలో చక్కెర చదివించాం. ఏం మొక్కుకున్నావని అడిగితే, "బంతి దాని చేతికి రావల్లని," అంది. గెలవాలని కాదు.

బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ముగ్గురికీ టీతో కలిపి నూట యాభై అయింది. వంటాయన పెద్ద ప్లేటులో ఆరు మిరపకాయ బజ్జీలు తెచ్చిపెడితే, సారు ఒకటి తీసుకుని మిగతా అయిదింటిని వరస పెట్టారు. ముందు రెండు, వెనక మూడు. వెనక వరసను ఆనుకుని, బుట్ట ఉండే చోట, తన టీ గ్లాసు.

"ఈ గ్లాసు మన రేణుక," అన్నారు. "అమెరికా ప్రొఫెషనల్ లీగులో చాన్నాళ్ళు ఇట్ల జాగాలు కాసేది తప్పు కింద లెక్క. ఎవురి మనిషిని వాళ్ళే కాయాల. అప్పుడు బుట్ట కాడ పెద్ద మనిషికి బంతి అందిస్తే చాలు, ఒక్కన్ని భుజంతో తోసుకోని తిరిగి ఏసేస్తాడు. ఇరవై ఏండ్లు దాటింది ఆ రూలు తీసేసి. ఇప్పుడు బంతి రాకముందే ముందొకరు, వెనకొకరు నిలబడొచ్చు. ఆడనన్నా డిఫెండర్ ఎవుర్నీ కాయకుండా బుట్ట కింద మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. మన లీగుల్లో ఆ కట్టుబాటు గూడా లేదు."

"అంటే పొడుగువాళ్ళ కాలం అయిపోయినట్టేనా సార్?" అన్నాను.

"కాదమ్మా. కింద నిలబడి చెయ్యి చాపే పొడుగు కాలం అయిపోయింది. చూడు." ఆయన గ్లాసును ముందుకు జరిపి రెండు ముందు బజ్జీల వెనక, మూడు వెనక బజ్జీల ముందు పెట్టారు. "ఇది ఫ్రీ త్రో గీత, బుట్టకు పదైదడుగుల ముందర. ఈడ బంతి పట్టుకుంటే ముందోళ్ళు తిరగాల్నా, వెనకోళ్ళు పైకి రావల్నా? ఎవురు కదిలినా ఒక మూల ఖాళీ. అంత ఎత్తు నుంచి ఆ మూలకు బంతి ఇచ్చేది పొట్టివాళ్ళకు కాదు."

అవ్వ చెయ్యి చాపి ఎడమ మూల బజ్జీ తీసుకుని తినేసింది. సారు నవ్వి, "ఇంగ జోన్ పగిలిపోయిందిలే," అన్నారు.

పదిన్నర బస్సు గంటన్నరకు ధర్మవరం చేర్చింది. బస్టాండు దగ్గర భోజనం తలకు నూరు రూపాయలు. మ్యాచ్ మూడింటికి, ఒక బడి ఆవరణలోని సిమెంటు కోర్టులో. పట్టుచీరల వ్యాపారులు చందాలు వేసుకుని పెట్టించారు, టికెట్టు లేదు. రెండున్నరకే మెట్లు నిండిపోయాయి.

మేం వచ్చినట్టు రేణుకకు తెలీదు. ఆమె కోర్టులోకి రాగానే జనం ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఆట మొదలైన రెండు నిమిషాలకే ఎదుటి జట్టు జోన్‌లోకి మారింది. ప్లేటులో చూసిందే నా కళ్ళ ముందు నిలబడింది. రేణుక బుట్ట కింద చెయ్యెత్తి అడుగుతోంది, బంతి మాత్రం బయటే తిరుగుతోంది. బంతి వేసే జట్టుకు మాత్రం ఇక్కడా మూడు సెకన్ల కట్టుబాటు ఉంది కాబట్టి బయటికి రావడం, మళ్ళీ లోపలికి పోవడం. ఆట సగం అయ్యేసరికి ఆమెవి రెండే బుట్టలు. జట్టు పదకొండు పాయింట్లు వెనకబడింది.

మా వెనక ఒకాయన, "ఇంత పొడుగుండి ఏం లాభమబ్బా," అన్నాడు. అవ్వ వెనక్కి తిరిగి, "ఏమప్పా, దాని చేతికి బంతి ఇచ్చి అప్పుడు చెప్పు," అంది. తర్వాత నాతో మెల్లగా అంది, "ఈయమ్మిలు ఎవురూ దాని ఎనక పరిగెత్తల్యా. గొర్రెల్ని దొడ్లోకి తోలేటప్పుడు మేమూ అంతే. ఎనకబడితే దాటిపోతాది. సందుకొకరు నిలబడుకుంటే లోపలికే పోతాది. అది ఇద్దరి నడిమి సందులోకి వస్తేనే కష్టం. ఎవురు పట్టుకోవల్లో తెలీదు."

అది విని సారు లేచి, విరామంలోనే కోర్టు దగ్గరికి దిగారు. నేనూ వెంట వెళ్ళాను. మమ్మల్ని చూసి రేణుక మొహం ఎర్రబడింది. "రావద్దంటి కదక్కా," అంది.

"తిట్టేది తర్వాత," అన్నారు సారు. "గీత కాడికి రా పాపా. ఆడ పట్టుకో."

"కోచ్ కిందనే ఉండమంది సార్. నన్ను తీసుకుందే దానికి."

"అయితే కోచ్‌నే అడుగు."

బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కోచ్‌తో వాదించడం ఎంత కష్టమో రేణుక మొహంలో కనపడింది. చివరికి వెళ్ళి కన్నడంలో అడిగింది. కోచ్ బెంగళూరు మనిషి. సారు విజిల్‌ను, మా వాలకాన్ని ఒకసారి చూసి, "ఒందు సల నోడోణ," అంది, ఒకసారి చూద్దామని.

ఆ మొదటిసారి చెడింది. గీత దగ్గర బంతి పట్టుకున్న రేణుక తొందరపడి విసిరితే ఎదుటివాళ్ళు లాక్కుని పోయి బుట్ట వేశారు. కోచ్ లేచి నిలబడింది. తీసేస్తుందనుకున్నాను. రేణుక బెంచీ వైపు చూడకుండా మళ్ళీ అదే చోటికి వచ్చింది. ఈసారి బంతిని తలపైన పట్టుకుని ఆగింది. వెనక వరసలో మధ్య అమ్మాయి పైకి వచ్చింది, మూల అమ్మాయి లోపలికి జరిగింది. ఆ మూలలో రేణుక జట్టులోనే బయట ఆడే పొట్టి గార్డు ఒంటరిగా ఉంది. బంతి అందరి తలల మీదుగా ఆమె చేతుల్లోకి పోయింది, అక్కడి నుంచి బుట్టలోకి.

తర్వాత ఎడమ మూల, మళ్ళీ కుడి మూల. జోన్‌లో ఆమెను ప్రత్యేకంగా ఎవరూ కాయకపోవడంతో బుట్టలో పడకుండా తప్పిన బంతులు కూడా రేణుకకే దొరికాయి. మూడో భాగం ముగిసేసరికి తేడా రెండు పాయింట్లు. నాలుగో భాగంలో అవతలి కోచ్ చేతులూపుతూ అరిచాడు. వాళ్ళు జోన్ వదిలేసి మనిషికి మనిషిని పెట్టారు. సారు నా భుజం మీద కొట్టి, "వదిలేసినారు చూడు, వదిలేసినారు," అన్నారు. ఒంటరి డిఫెండర్ దొరికిన రేణుక అప్పుడు కిందికి దిగి రెండు బుట్టలు వేసింది. మ్యాచ్ మూడు పాయింట్ల తేడాతో గెలిచారు.

చేతులు కలుపుకోవడాలయ్యాక కోచ్ రేణుకను పక్కకు పిలిచింది. దూరం నుంచి మాటలు వినపడలేదు. రేణుక రెండుసార్లు తలూపి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. మా దగ్గరికి వచ్చి, "వచ్చే ఏడాదీ ఉండమన్నారక్కా. ఆట నా చేతి మీదగానే పోవల్లంట," అని సారు కాళ్ళకు దండం పెట్టింది. అవ్వ ఆమె చేతులు తిప్పి తిప్పి చూసింది, ఎక్కడైనా గీరుకుందేమోనని.

సారును ఐదున్నరకు పెనుకొండ బస్సెక్కించి, ఆరింటి హిందూపురం బస్సులో కూర్చున్నాం. ఇన్నాళ్ళూ మా చెల్లెలి గురించి ఎవరడిగినా ఎత్తు చెప్పేదాన్ని, గర్వంగానే. ఆ ఎత్తుతో ఆమె ఏం చూస్తుందో ఆ రోజే తెలిసింది. అంత పెద్ద కోర్టులో ఖాళీ మూల ముందుగా కనపడేది ఆమెకే. పక్క సీటు ఆమె, "మీ పాప ఎన్ని ఏసిందవ్వా?" అని అడిగితే అవ్వ కాస్త నిటారుగా కూర్చుని చెప్పింది, "ఎనిమిది పాయింట్లు ఏసింది. మిగతావి ఏయించింది."

ఇలాంటి మ్యాచ్‌కు వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: ముందు వరసకు ఎగబడకండి. గంట ముందే వెళ్ళి బుట్ట వెనక వైపు పై మెట్టు పట్టుకోండి. జోన్ ఎక్కడ మూసుకుంటోందో, ఎక్కడ తెరుచుకుంటోందో అక్కడి నుంచే తెలుస్తుంది.