మునెయ్య వద్దన్న రెండో పైపు

1979 మార్చిలో గ్రామీణ నీటి సరఫరా విభాగంలో జూనియర్ ఇంజనీరుగా పుత్తూరు సెక్షన్‌లో చేరాను. నాకు అప్పగించిన మొదటి పని వడమాలపేట దగ్గరి ఒక పల్లెకు కొళాయిలు వేయించడం. బోరు, ట్యాంకు ఊరికి తూర్పున మిట్టమీద ఉన్నాయి. మిట్టకూ ఊరికీ నడుమ, మా కాగితాల్లో హరిజనవాడ అని రాసే వాడ ఉంది. లెవెల్స్ తీసి, అంటే నేల ఎత్తుపల్లాలు కొలిచి, పైపులైను దారి గీస్తే అది వాడ మధ్యగా ఊళ్లోకి పోయింది. నీటికి అదే సహజమైన వాలు.

గ్రామ మునసబు అభ్యంతరం చెప్పారు. వాడ దాటి వచ్చిన నీళ్లు ఊళ్లో ఎవరూ ముట్టరని, ఊరికి వేరే పైపు చుట్టుతిప్పి వేయాలని ఆయన వాదన. వేరే పైపుకు ఒప్పుకుంటూ వాడ పెద్దమనిషి అంగీకార పత్రం మీద సంతకం చేస్తే అంచనాలు సవరిస్తానని, లేకుంటే ఈ ఏటికి పని ఆగుతుందని మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు అన్నారు.

ఆ పెద్దమనిషి మునెయ్య. అప్పటికే ఆయనకు డెబ్భై దాటాయి. యౌవనంలో తనవాళ్లను వెంటబెట్టుకుని ఊరి బావిలో చేద వేసి దెబ్బలు తిన్నారు. చిత్తూరు కోర్టుదాకా పోయి ఆ హక్కు గెలిచారు. అయినా చేదతాడు వాడ చేతికి రాలేదు. వాళ్లు బిందెలు దించి దూరంగా నిలబడితే, ఊరివాళ్లెవరైనా తోడి పైనుంచి పోయాలి.

కాలేజీ చర్చాపోటీల్లో ఆరితేరినవాణ్ణి గనుక, వేరే పైపు వల్ల వాడకు నష్టమేమిటని అన్ని కోణాల నుంచీ అడిగాను. ఆయన చివరిదాకా విన్నారు.

“బాగా మాట్లాడినావప్పా. నీళ్లు ఒగటే, ట్యాంకీ ఒగటే. పైపు మాత్రం రెండెందుకు? ఈ ఎండాకాలం గూడా మోసుకుంటాం. సంతకం మాత్రం పెట్టను.”

అప్పుడే దూరపు చేనిబావి నుంచి వచ్చి బిందె దించుతున్న కోడలు చెంగమ్మ, “మోసేది ఆయన గాదు గదా సార్” అంది. మునెయ్య నవ్వారు గాని మాట మార్చలేదు.

ఆ నిరాకరణను ఉన్నదున్నట్టు రాసి, చుట్టుదారిలో బండరాయి ఉందని, ఒత్తిడి తగ్గుతుందని జతచేశాను. ఆ కారణాలు చూసి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు మొదటి దారికే అనుమతించారు. మే నెలకు పైపు ఊరి మొదటికి చేరింది. అక్కడ మునసబు మనుషులు కాలువ తవ్వనివ్వలేదు. అక్కడే వాల్వు మూసి, బ్లీచింగ్ నీటితో పైపులు కడిగించి, వాడ కొళాయిలు మాత్రం తెరిచాము.

ఊరి బావుల్లో అప్పటికి బురదే మిగిలింది. ఒక ఉదయం మునసబు భార్య, ఆమె వెనక మరికొందరు ఆడవాళ్లు బిందెలతో వచ్చి కొళాయికి దూరంగా ఆగారు.

“బిందెలాడ పెట్టి ఎడంగా నిలబడండమ్మా. మేమే పోస్తాం” అంది చెంగమ్మ. వాడ ఆడవాళ్లు ఫక్కున నవ్వారు.

మునెయ్య అరుగు దిగి వచ్చారు. “ఈడ ఎవురూ ఎవురికీ పోసేది లేదు చెంగమ్మా. ఆయమ్మ బిందె ఆయమ్మే పట్టుకుంటాది.” తర్వాత మునసబు భార్య వైపు తిరిగి, “రామ్మా, వరసలో నిలబడు” అన్నారు.

ముందుకు రమ్మనలేదు. ఎవరినీ తప్పుకోమనలేదు. ఆమె కాసేపు తటపటాయించి చెంగమ్మ వెనక నిలబడింది. వంతు వచ్చాక కొళాయి తనే తిప్పుకుంది. ప్రతీకారాన్నీ, పాత అణకువనూ ఒక్క మాటతో పక్కకు పెట్టిన మనిషిని అంతకుముందు నేను ఏ వేదికమీదా చూడలేదు.

ఆ వారంలోనే మునసబు మనుషులు కాలువకు అడ్డు తొలగారు. ఒకే పైపు ఊళ్లోకి పోయింది.

అంగీకార పత్రం ఉన్నంత మాత్రాన అన్యాయం న్యాయం కాదని, సర్దుబాటు పేరిట ఒకసారి భూమిలో పాతిన విభజనను తర్వాత వచ్చే ఇంజనీరు తవ్వి తీయడం చాలా కష్టమని ఆ పనిలో తెలుసుకున్నాను. పదవీ విరమణ దాకా ఏ ఊళ్లోనూ రెండో పైపుకు అంచనా వేయలేదు.